కారణం గడిలో ఏం రాస్తున్నాం?

సంపాదకులకు నమస్కారం.

రైతు ఆత్మహత్య వార్త జిల్లా పేజీలో వచ్చినప్పుడల్లా ‘కుటుంబ కలహాలతో’, ‘మనస్తాపంతో’, ‘క్షణికావేశంలో’ అన్న మాటల దగ్గరే నా చూపు ఆగిపోతుంది. ఆ మాటలు ఎలా పుడతాయో దగ్గరగా చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

2022 వేసవిలో మా ఊళ్లో ఒక కౌలు రైతు చనిపోయాడు. పంచనామాలో సాక్షులుగా సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ని. అతని పిల్లలిద్దరూ బళ్లో నా దగ్గర చదివినవాళ్లే. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఆ ఏడు నల్ల తామర పురుగు పూత మీద పడి పల్నాడు, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తోటలకు తోటలే పోయిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కౌలు డబ్బు మాత్రం అతను ముందే కట్టేశాడు.

వసారాలో చాప మీద కూర్చుని హెడ్ కానిస్టేబుల్ అడిగాడు, ‘ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అమ్మా?’ అని. ‘ముందు రోజు రాత్రి మాటా మాటా అనుకున్నాం’ అంది అతని భార్య. దాంతో పంచనామాలో ‘కారణం’ అన్న గడి నిండిపోయింది. మాటా మాటా దేని మీద వచ్చిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చదివి సంతకం పెట్టాను. పెద్దదినం నాడు ఆమే చెప్పింది. పొదుపు సంఘంలో తన పేరున తీసిన అప్పు కూడా తోటకే పెట్టాడట. కిస్తీ కోసం వచ్చిన మైక్రోఫైనాన్స్ కుర్రాళ్లు ఆ రోజు చీకటి పడేదాకా అరుగు మీంచి లేవలేదట. వాళ్లు వెళ్లాక గొడవ మొదలైందట.

కుటుంబ కలహం అబద్ధమని నేననను. ఆ కలహం ఎక్కడి నుంచి ఇంట్లోకి వచ్చిందన్నదే నా ప్రశ్న. ఫ్రాన్స్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1897లోనే ఆత్మహత్యల మీద పుస్తకం రాస్తూ, ప్రభుత్వ పట్టికల్లోని ‘కారణాల’ను పక్కన పెట్టేశాడు. అవి కారణాల లెక్కలు కావు, వాటిని నింపే కింది ఉద్యోగుల అభిప్రాయాల లెక్కలని ఆయన వాదన. మనిషిని నలుగురితో కలిపే బంధాలు సడలినప్పుడు, బతుకు లెక్కలు ఒక్కసారిగా తలకిందులైనప్పుడు ఈ చావులు పెరుగుతాయని ఆయన చూపించాడు. నా సంతకం ఉన్న ఆ కాగితం గుర్తొస్తే, నూట పాతికేళ్ల కిందటి ఆ మాట ఆ ఇంటి వసారాలో కూర్చుని రాసినట్టే ఉంటుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కే చూడండి. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. కారణాల పట్టికలో కుటుంబ సమస్యలు 31.7 శాతం, అప్పులు, దివాలా కలిపి 4.1 శాతం. అదే నివేదికలో మరోచోట, చనిపోయినవాళ్లలో 64.3 శాతం మంది ఏడాది సంపాదన లక్ష రూపాయల లోపేనని ఉంది. నూటికి 26 మందికి పైగా రోజు కూలీలు. ఒక పుటలో ఇంటి గొడవ, ఇంకో పుటలో లేమి. ఈ రెండూ ఒకే మనిషి సంగతులని మాత్రం ఏ పట్టికా చెప్పదు.

అప్పున్న ప్రతివాడూ చావడన్నది నిజమే. ఆ ఏడు మా ఊళ్లో తోట పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పాసుపుస్తకం మీద బ్యాంకు లోను ఉంది, లేదా పక్క వీధిలో అన్నదమ్ములున్నారు. ఇతను ఇల్లరికం వచ్చినవాడు. కౌలు గుర్తింపు కార్డు కావాలంటే మన రాష్ట్రం 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం భూయజమాని ఒప్పుకోవాల్సి ఉండేది. ఆ ఆసామి సంతకం పెట్టలేదు. కార్డు లేదు గనక బ్యాంకు గడప తొక్కలేదు. సంక్రాంతి తర్వాత టీ కొట్టుకు రావడం మానేశాడు, అప్పులవాళ్లు ఎదురవుతారని. మేమంతా గమనించాం. ఒక్కరమూ ఇంటికి వెళ్లి పలకరించలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

రైతు కుటుంబానికి రావాల్సిన రూ.7 లక్షల పరిహారం కోసం ఆమె తిరిగిన చోటల్లా రెండే మాటలు విన్నది: ‘కార్డు లేదు’, ‘కుటుంబ కలహాలని రాసుందిగా’.

పోలీసు, రెవెన్యూ అధికారులను నేను కోరేది ఒక్కటే. పంచనామాలో కౌలు ఎన్నెకరాలు, ఎవరెవరి దగ్గర ఎంత అప్పు, పంట ఏమైంది అన్నవి తప్పనిసరిగా రాయించండి. పొరుగు రైతులను అడిగితే పది నిమిషాల్లో తేలే సంగతులివి. మీ విలేకరులు కూడా స్టేషన్‌లో చెప్పిన మాటతో ఆగకుండా ఆ ఇంటిదాకా వెళ్లాలి. ‘క్షణికావేశం’ అన్న మాట మానేయాలి. నెలల తరబడి పేరుకున్నది క్షణికం ఎలా అవుతుంది?

ఇంకొక్క మనవి. ఇలాంటి వార్త వేసినప్పుడల్లా కింద మానసిక వేదనలో ఉన్నవాళ్లకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 కనపడేలా వేయండి. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మా ఊళ్లో ఈ నంబరు తెలిసినవాళ్లు పది మంది కూడా లేరు. పాత విద్యార్థులతో కలిసి టీ కొట్టు గోడ మీద, పురుగుమందుల కొట్టు ముందు రాయించే పనిలో ఉన్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా