ప్రింటు గుడ్డకు ఇక్కత్ పేరా?
మిల్లులో ప్రింటు కొట్టిన గుడ్డను ‘పోచంపల్లి ఇక్కత్’ అని అమ్మడం ఇప్పుడు బాహాటంగానే సాగుతోంది. ఈమధ్య మా ఊరి షోరూములో ఆ పేరుతో చూపించిన చీర కొంగు తిరగేస్తే వెనకంతా పాలిపోయి ఉంది. చిటికి పని, అంటే అసలైన ఇక్కత్ పని, చేసిన చీర అలా ఉండదు. నేతకు ముందే నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచు గీత గీసినట్టు కాకుండా కాస్త చెదిరినట్టు ఉంటుంది. అదే మాట అంటే సేల్స్‌మన్ ‘ఇక్కత్ అంటే డిజైనే కదండీ’ అన్నాడు. పాపం, అతనికి ఎవరు చెప్పారు గనక! ఇక్కత్ అన్నది డిజైన్ పేరు కాదు, పని పేరు. ఆసు పోసీ పోసీ, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పీ తిప్పీ, భుజాలు పడిపోయిన ఆడవాళ్ల కష్టం ఆ పేరులో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి 20 ఏళ్లు దాటింది, చేనేత మార్కు 2006 నుంచి ఉంది. అయినా కొనేవాళ్లలో ఆ మార్కు కోసం చూసేవాళ్లు తక్కువే. ప్రతి చీర ధర చీటీ మీద చేనేతా, మరమగ్గమా, ప్రింటా అన్నది తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయడం తప్పనిసరి చేయాలి. చేనేత శాఖ అధికారులు పెళ్లిళ్ల సీజన్‌కు ముందే దుకాణాల్లో తనిఖీలు చేసి, పేరు మార్చి అమ్మేవారికి జరిమానా వేయాలి. ప్రింటు చీర అమ్ముకోవద్దని ఎవరూ అనడం లేదు, ప్రింటు అని చెప్పి అమ్మమనండి.