మామిడి కోతల రోజుల్లో బడి హాజరు గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

మన చిత్తూరు ప్రాంతంలో బడులు తెరిచే సమయమూ తోతాపురి కోతలూ ఒకేసారి వస్తాయి. ఆరు, ఏడు తరగతుల హాజరు పట్టీలో ఈ నెల గైర్హాజరు ఎందుకు పెరిగిందో అందువల్ల అడగకుండానే అర్థమవుతోంది. పదకొండు రోజుల తర్వాత మొన్న బడికి వచ్చిన ఒక అబ్బాయి వేళ్లు మామిడి సొన తగిలి కమిలిపోయాయి. పెన్సిలు సరిగా పట్టుకోలేక, భిన్నాల లెక్క సగంలో ఆపి, పక్క పిల్లవాడి పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు చాలా బాధ కలిగింది.

"పిల్లలు బడికి రాకపోతే మా మీద కేసు పెడతారా మేడమ్?" అని కొందరు తల్లులు అడిగారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యతను తల్లిదండ్రులకే అప్పగించింది గానీ, బడి మానిపించినందుకు వారికి జైలు, జరిమానా విధించలేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేసే అధికారం మాకూ లేదు.

పనికి పంపితే మాత్రం సంగతి వేరు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తల్లిదండ్రులను మొదటిసారి శిక్షించరు. మళ్లీ అదే తప్పు చేస్తే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. సొంత తోటలో, ప్రమాదం లేని పనుల్లో, బడి వేళలు ముగిశాక లేదా సెలవుల్లో ఇంటివాళ్లకు సాయపడటాన్ని చట్టం తప్పుపట్టదు. బడి మానిపించి చేయించే సాయానికి ఆ మినహాయింపు వర్తించదు.

బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' సాయానికి 75 శాతం హాజరు అవసరమన్నది కూడా దయచేసి గుర్తుంచుకోండి.

మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నందువల్లో, ఇంట్లో చంటిబిడ్డను చూసుకునేవారు లేకనో బిడ్డను ఆపాల్సి వస్తే, దాచకుండా ముందే తరగతి టీచరుకు చెప్పండి. తప్పిన పాఠాలను సాయంత్రం బడి వదిలాక మేమే చెబుతాం. శనివారం ఉదయం ఎనిమిది గంటలకే నేను బడిలో ఉంటాను. కోతకు వెళ్లేవారు దారిలో ఆగి మాట్లాడి వెళ్లవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు