తెలుగు ఫెలోషిప్ 2024 వార్షిక నివేదిక: పళ్ళేలు, మొక్కలు, బాధ్యతలు

సభ్యులందరికీ వందనాలు. పారిష్ (మనం ఉన్న ఎపిస్కోపల్ చర్చి సంఘం) యాన్యువల్ మీటింగ్ కోసం ఆఫీసుకి ఇంగ్లీషులో ఒక పేజీ రిపోర్ట్ ఇచ్చేశాం, ఇది మాత్రం మన వాళ్ళ కోసం తెలుగులో కాస్త వివరంగా రాస్తున్నా, ఇంట్లో అమ్మమ్మలకి తాతయ్యలకి కూడా చదివి వినిపించండి, ఎందుకంటే ఈ ఏడాది పనుల్లో వాళ్ళ చెయ్యి చాలా ఉంది.

కొత్తగా న్యూజెర్సీ వచ్చిన కుటుంబాలు "మనం సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళం కదా, ఎపిస్కోపల్ చర్చిలో ఎందుకున్నాం" అని అడుగుతుంటారు. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్ట్, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి, అది ఇప్పుడు ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో, అంటే ప్రపంచవ్యాప్త ఆంగ్లికన్ సంఘాల కుటుంబంలో ఉంది, ఎపిస్కోపల్ చర్చి కూడా అందులోదే. అంటే డోర్నకల్ నుంచి వచ్చినా మెదక్ నుంచి వచ్చినా నంద్యాల నుంచి వచ్చినా ఇక్కడ మనం చుట్టాలం కాదు, ఇంటివాళ్ళం, ఇంటివాళ్ళం అయినప్పుడు ఇంటి పని కూడా మనదే. ఈ రిపోర్ట్ అంతా ఆ ఇంటి పని గురించే.

ఏడాది మొత్తం చూస్తే నాకు స్పష్టంగా కనపడింది ఒకటి ఉంది. ఏ పని పక్కన ఒక మనిషి పేరు రాసి ఉందో ఆ పని నడిచింది, "అందరం కలిసి చేద్దాం" అని చప్పట్లు కొట్టి వదిలేసింది మాత్రం రెండు వారాల్లో ఆగిపోయింది. పర్యావరణం విషయంలో ఇది ఇంకా నిజం, అందరికీ ఇష్టమే, అందరూ ఒప్పుకుంటారు, కానీ భోజనం అయ్యాక ఆ పళ్ళేలు ఎవరు కడుగుతారు అన్న దగ్గరే అసలు విషయం ఉంది.

పళ్ళేల సంగతి ముందు చెప్తాను. మన న్యూజెర్సీ రాష్ట్రంలో 2022 మే 4 నుంచి షాపుల్లో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు, తిండికి వాడే థర్మాకోల్ ప్లేట్లు, బాక్సులు నిషేధం. అప్పుడు మనం పేపర్ ప్లేట్లకి మారి హమ్మయ్య అనుకున్నాం. కానీ సాంబార్ పోసినా కారని పేపర్ ప్లేటు అంటే చాలావాటికి లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది కంపోస్ట్‌లో వెయ్యకూడదు, కూర అంటుకున్నాక రీసైక్లింగ్‌కి కూడా పనికిరాదు, చివరికి మళ్ళీ నల్ల సంచుల్లోకే. అందుకే ఈ లెంట్‌లో (ఈస్టర్‌కి ముందు ఉపవాస కాలంలో) స్త్రీల మైత్రి, అంటే మన ఆడవాళ్ళ సంఘం వాళ్ళు స్టీల్ పళ్ళేలు పెడదాం అని తీర్మానం చేశారు. కొన్ని ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్‌లో కొన్నాం, కొన్ని ఇండియా వెళ్ళొచ్చిన వాళ్ళు సూట్‌కేసుల్లో తెచ్చారు, ఒక ఆంటీ గారైతే తన పెళ్ళికి చదివించిన, అంచు మీద పేర్లు కొట్టించిన పళ్ళేలు మొత్తం సెట్టు ఇచ్చేశారు. పిల్లలు ఇప్పుడు తింటూ ఆ పేర్లు కూడబలుక్కుని చదువుతున్నారు, తెలుగు అక్షరాలు నేర్చుకోడానికి అది కూడా ఒక దారి అయింది.

కడగడం దగ్గర మొదట గొడవే. వంట స్త్రీల మైత్రిదే, గిన్నెలు కూడా స్త్రీల మైత్రిదే అన్న అలవాటు మనకి ఊరి నుంచి వచ్చింది, అది మారకపోతే స్టీల్ పళ్ళేలు పెట్టడం అంటే ఆడవాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టడమే, దానికంటే పేపర్ ప్లేట్లే నయం అని కమిటీలో నేను గట్టిగా అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. అప్పుడు రోస్టర్ వేశాం, ప్రతి భోజనానికి రెండు కుటుంబాలు, అందులో మగవాళ్ళు తప్పనిసరి. పారిష్ కిచెన్‌లో మూడు తొట్ల సింక్ ఉంది, మొదటి దాంట్లో సబ్బు నీళ్ళు, రెండో దాంట్లో మంచి నీళ్ళు, మూడో దాంట్లో శానిటైజర్, తర్వాత గుడ్డతో తుడవకుండా గాలికే ఆరనివ్వాలి. ఈ వరస అందరికీ నేర్పింది మన ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకడు. మార్చి 28న, మాండీ గురువారం, పాదాలు కడిగే ఆరాధన అయ్యాక భోజనం దగ్గర రెక్టర్ గారు (పారిష్ గురువు) చొక్కా చేతులు మడిచి ఆ మొదటి తొట్టి దగ్గర నిలబడ్డారు, ఎవరూ పిలవలేదు. ఆ రోజు తర్వాత రోస్టర్‌లో పేరు రాయమని ఏ అంకుల్‌నీ బతిమాలాల్సిన పని పడలేదు.

కంపోస్ట్ సగం విజయం. అమెరికాలో ల్యాండ్‌ఫిల్‌కి, అంటే చెత్త పూడ్చే చోటికి పోయే దాంట్లో దాదాపు నాలుగో వంతు తిండే అని ఈపీఏ (ప్రభుత్వ పర్యావరణ సంస్థ) లెక్క, అది గాలి తగలకుండా కుళ్ళి మీథేన్ అవుతుంది, నూరేళ్ళ లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా పాతిక రెట్లకి పైగా వేడి పెంచే వాయువు. అందుకని పార్కింగ్ వెనక రెండు పెట్టెలు పెట్టాం. కూరగాయల తొక్కలు, కాఫీ పిప్పి, టీ పొడి, గుడ్డు పెంకులు, అరటి తొక్కలు వెయ్యొచ్చు, వాటికి రెండు మూడింతలు ఎండుటాకులు కలపాలి, ఆకులకి న్యూజెర్సీలో ఏం కొదవ. చికెన్ బొమికలు, నూనె బిర్యానీ, పెరుగన్నం మాత్రం వెయ్యకూడదు, వేస్తే వాసన, ఎలుకలు. తెలుగు ఆరాధన ఉన్న రెండో ఆదివారాల్లో ఇదే కష్టం, ప్లేట్లో మిగిలింది అంతా కలిసిపోయి ఉంటుంది. వేసవిలో బకెట్ల దగ్గర సండే స్కూల్ పిల్లలు నిలబడి "ఆంటీ, బొమికలు ఇటు" అని చెప్పినంత కాలం బాగా నడిచింది, బడులు తెరిచాక పిల్లలకి టైం లేక ఆగింది, మళ్ళీ పెట్టెల్లో అన్నీ కలిశాయి. వచ్చే ఏడాదికి దీనికి పెద్దవాళ్ళలోనే ఇద్దరు బాధ్యులు కావాలి.

తోట గురించి ఎంత చెప్పినా తక్కువే. మే 5న రొగేషన్ సండే, అసెన్షన్‌కి (క్రీస్తు ఆరోహణ పండుగకి) ముందు పొలాలనీ విత్తనాలనీ దీవించమని ప్రార్థిస్తూ ఊరి పొలిమేర చుట్టూ నడిచే పాత ఇంగ్లండ్ ఆచారం అది. మా నాన్నగారి తరం వాళ్ళకి ఇది చెప్తే వెంటనే అర్థమైంది, ఏరువాక ముందు ప్రార్థన పెట్టుకునేవాళ్ళం కదా అన్నారు. రెక్టర్ గారు, అమెరికన్ సభ్యులు, మనం అందరం కలిసి లాన్ చుట్టూ నడిచి, ఆ లాన్‌లో ఒక మూల గడ్డి తీసేసి మడులు వేశాం. సగం మన వాళ్ళది, గోంగూర, తోటకూర, బచ్చలి, మిరప. మిగతా సగంలో వాళ్ళు టొమాటో, జుకినీ వేసి, అంచుల్లో మోనార్క్ సీతాకోకచిలుకల కోసం మిల్క్‌వీడ్ పెట్టారు, వాటి గొంగళిపురుగులు ఆ ఒక్క జాతి మొక్క ఆకులే తింటాయి. ఫుడ్ ప్యాంట్రీకి (లేనివాళ్ళకి తిండి సరుకులు ఇచ్చే చోటికి) మన గోంగూర కూడా పంపాం కానీ అక్కడికి వచ్చే వాళ్ళకి అది తెలీదు, మిగిలిపోయింది, టొమాటోలు మాత్రం పెట్టీ పెట్టగానే అయిపోయాయి. కాబట్టి వచ్చే సీజన్‌లో ప్యాంట్రీ మడుల్లో అక్కడి వాళ్ళు తినేవే వేద్దాం, గోంగూర మన కోత పండుగ వేలానికి ఉంచుదాం, దానికి ఎలాగూ పోటీ మామూలుగా ఉండదు.

అక్టోబర్‌లో మన రాష్ట్రంలో వానలు దాదాపు పూర్తిగా ముఖం చాటేశాయి, అడవులు అంటుకున్నాయి, నవంబర్ 13న రాష్ట్రమంతటా డ్రౌట్ వార్నింగ్ ఇచ్చారు. చూరు కింద పెట్టిన వాన నీళ్ళ డ్రమ్ములు ఎండిపోయాయి. అప్పుడు మన పెద్దమ్మలు బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు బకెట్లలో పట్టి మొక్కలకి మోశారు, అది చూసి అమెరికన్ సభ్యులు కూడా కాఫీ అవర్ సింక్ కింద ఒక బకెట్ పెట్టారు. ఎవరూ సెమినార్ పెట్టి నేర్పింది కాదు ఇది.

సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4, సెయింట్ ఫ్రాన్సిస్ రోజు వరకు సీజన్ ఆఫ్ క్రియేషన్, చర్చిలు సృష్టి కోసం ప్రార్థించే కాలం. ఈసారి గుర్తుగా తీసుకున్నది ప్రథమ ఫలాలు, బైబిల్లో రోమా పత్రిక 8వ అధ్యాయంలోని మాట. సృష్టి మూలుగుతోంది అన్న ఆ వచనాల మీద రెక్టర్ గారు ప్రసంగం చేసిన అదే ఆదివారం ఉదయానికి విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిపోయింది, ఖమ్మంలో మున్నేరు ఇళ్ళల్లోకి వచ్చింది. మనలో చాలామందికి అక్కడ అన్నదమ్ములు, అత్తలు ఉన్నారు, ఆరాధన మధ్యలోనే ఫోన్లు మోగాయి. కాఫీ అవర్‌లో మన అక్క ఒకరు లేచి నిలబడి ఇంగ్లీషులో పరిస్థితి చెప్పారు, ఆ రోజే కానుకల పళ్ళెం మళ్ళీ తిరిగింది, తర్వాత రెండు ఆదివారాలు కూడా. డబ్బు అక్కడ మనకి తెలిసిన పాస్టరేట్ (స్థానిక సీఎస్ఐ సంఘం) ద్వారా బియ్యం, దుప్పట్లు, గిన్నెలకి వెళ్ళింది, రసీదులతో సహా లెక్క ట్రెజరర్ గారి రిపోర్ట్‌లో ఉంది, దయచేసి చూడండి. చెత్త, కరెంటు, వాతావరణం అని మనం ఇక్కడ మాట్లాడుకునేది ఎవరి ఇంటి గురించో ఆ రోజు పారిష్ అంతటికీ తెలిసింది.

పిడికెడు బియ్యం మళ్ళీ మొదలుపెట్టాం. ఊళ్ళో వండే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టి ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు, మన సంఘాలు అలాగే నిలబడ్డాయి. ఇక్కడ ప్యాంట్రీ వాళ్ళు విడి బియ్యం తీసుకోరు, సీల్ ఉన్న ప్యాకెట్లే కావాలి, అందుకని ఆ బియ్యంతో మన నెలవారీ భోజనం వండుకుని, దానికి పెట్టాల్సిన డబ్బు ప్యాంట్రీకి ఇస్తున్నాం.

కరెంటు విషయం క్లుప్తంగా. పారిష్ హాల్ బల్బులు అన్నీ ఎల్‌ఈడీ అయ్యాయి, పాత బల్బుల కన్నా కనీసం 75 శాతం తక్కువ కరెంటు. మన క్రిస్మస్ స్టార్లు కూడా మార్చాం. సోలార్ సంగతి చర్చి భవనాలు చూసే జూనియర్ వార్డెన్ గారు వెస్ట్రీలో (పారిష్ పాలక కమిటీలో) పెట్టారు, 2022 చట్టం వల్ల 2024లో ట్యాక్స్ కట్టని చర్చిలకి కూడా ఖర్చులో 30 శాతం దాకా తిరిగి వచ్చే వీలుండేది, కానీ మన కప్పు పాతది, ముందు కప్పు సంగతి చూడాలి.

ఇక లీడర్‌షిప్. ఇది రాయడానికే నాకు ఎక్కువ ఆత్రంగా ఉంది. 1912లో డోర్నకల్‌కి వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన డయాసిస్‌లో (బిషప్ చూసే ప్రాంతంలో) గురువులు తక్కువ, పల్లెలు ఎక్కువ, ఆ పల్లె సంఘాల్ని రోజూ నడిపింది బడి పంతుళ్ళు, వాళ్ళ భార్యలు. 2013లో నంద్యాలకి ఎగ్గోని పుష్పలలిత గారు సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ అయ్యారు. ఇంత చరిత్ర ఉన్న మనం ఇక్కడ "నాకు ఇంగ్లీష్ రాదు", "వీసా టెన్షన్", "వాళ్ళే చూసుకుంటారు" అని వెనక బెంచీల్లో ఎందుకు కూర్చోవాలి? ఈ ఏడాది మన ఫెలోషిప్ నుంచి ఒక చెల్లి వెస్ట్రీకి ఎన్నికైంది. ఇద్దరు యవ్వనస్థులు లెక్టర్లుగా ఆరాధనలో వాక్యం చదువుతున్నారు. రిటైర్ అయిన ఒక టీచరమ్మ గారు యూకరిస్టిక్ విజిటర్‌గా ట్రైనింగ్ పొంది, ఇల్లు కదల్లేని పెద్దలకి సంస్కారం తీసుకెళ్తున్నారు, తెలుగులో ప్రార్థన విని ఒక తాతయ్య గారు ఆవిడ చెయ్యి వదల్లేదట.

పిల్లలతో పనిచేసే ప్రతి వాలంటీర్‌కీ బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్ చర్చ్ ట్రైనింగ్ తప్పనిసరి. "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అని కొందరు బాధపడ్డారు. అనుమానం కాదు, పిల్లల రక్షణ, అందరికీ ఒకటే రూల్, బిషప్ గారికి కూడా.

ఒక ఆందోళన కూడా చెప్పాలి. కీలకమైన పనులు ఇప్పటికీ కొద్దిమంది చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళు మంచివాళ్ళు, అందుకే అలిసిపోతున్నారు. ఏ బాధ్యతైనా రెండేళ్ళకి మించి ఒకరి దగ్గర ఉండకూడదని, మొదటి ఏడాదే పక్కన ఒకరిని పెట్టుకుని నేర్పాలని కమిటీ ప్రతిపాదన, మీటింగ్‌లో ఓటుకి వస్తుంది, దయచేసి ఒప్పుకోండి. సెక్రటరీ పనికీ ఇదే వర్తిస్తుంది, నా పక్కన కూర్చుని నేర్చుకోడానికి ఒకరు కావాలి, వయసుతో పని లేదు.

2025 మార్చి 5 భస్మ బుధవారం, లెంట్ మొదలయ్యే రోజు. ఆ లోపు కంపోస్ట్‌కి ఇద్దరు, తోట నీళ్ళకి వారానికి ఒక కుటుంబం, ప్యాంట్రీకి శనివారం పొద్దున్న కారు నడిపేవాళ్ళు ఒకరు, కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఫోన్ చేసి పలకరించే అక్క ఒకరు, గిన్నెల రోస్టర్‌లో ఈస్టర్ దాకా ఖాళీగా ఉన్న ఆదివారాలకి పేర్లు కావాలి. షీట్ హాల్‌లో కాఫీ బల్ల పక్కనే ఉంటుంది, పెన్ను కూడా అక్కడే కట్టి పెట్టాం.

సెక్రటరీ,
తెలుగు ఫెలోషిప్