అణువు వేరు, పరమాణువు వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. కేంద్ర ప్రభుత్వ పరిశోధన పథకమైన జాతీయ క్వాంటం మిషన్ గురించి గత వారం మీ పత్రిక బెంగళూరు సంచికలో వచ్చిన వ్యాసంలో, ఇక్కడి ప్రయోగశాలల్లో 'అణువులను గడ్డకట్టించి క్వాంటం కంప్యూటర్లకు సిద్ధం చేస్తున్నారు' అని రాశారు. ముప్పయ్యేళ్లు భౌతికశాస్త్రం బోధించినవాడిగా ఈ వాక్యాన్ని సవరించమని కోరుతున్నాను.

ఆ ప్రయోగాల్లో ఏదీ గడ్డకట్టదు. ఇంతకన్నా చల్లదనం ఉండదనే పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో కోటో వంతు దూరంలో ఉన్నా, అక్కడ చల్లబరిచేది గాలికన్నా లక్ష రెట్లు పలుచని వాయువే. అంత పలుచన కాబట్టే గడ్డకట్టే తీరిక దానికి దొరకదు. కొన్నేళ్ల క్రితం ఈ నగరంలోని ఒక ప్రయోగశాలలో, గాలి తీసేసిన పాత్రకున్న గాజు కిటికీలోంచి, లేజర్ల మధ్య చిక్కుకున్న సోడియం మబ్బును చూశాను. పెసరగింజంత పసుపు చుక్క. ఎల్ఈడీలు రాకముందు మన వీధుల్లో వెలిగిన సోడియం దీపాలది దాదాపు ఆ రంగే.

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. అక్కడ చల్లబరిచేది అణువులను కాదు, పరమాణువులను. పరమాణువులు కలిస్తేనే అణువు. లిథియం-6 పరమాణువులు రెండేసి జతకడితేనే ఆ వాయువు రాపిడి లేకుండా ప్రవహిస్తుంది. అయస్కాంత క్షేత్రాన్ని ఒకవైపు మారిస్తే ఆ రెండూ గట్టిగా కలిసి అణువవుతాయి. రెండోవైపు మారిస్తే, కరెంటును అడ్డు లేకుండా మోసే అతివాహక లోహంలోని ఎలక్ట్రాన్ల జతల్లా, నడుమ వేరే పరమాణువులు ఎన్నో ఉన్నా దూరం నుంచే జతగా మెలగుతాయి. 2005లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రజ్ఞులు ఈ మార్పు పొడవునా ఆ వాయువులో, రాపిడి లేని ప్రవాహానికి గుర్తైన సుడుల వరుసలను చూపించారు. మొదటే పరమాణువును అణువు అనేస్తే, చివరికి అణువు ఎలా పుట్టిందో చెప్పడానికి మాట మిగలదు.

మామూలు జతలో భిన్న స్పిన్ (కణానికి సహజంగా ఉండే ఒక గుణం) గల ఇద్దరుంటారు, ఇరుపక్షాల సంఖ్యా సమానం. ఒక పక్షంలో ఎక్కువమంది ఉంటే? కోలాటంలో జత కుదరనివాళ్లను పక్కకు జరపవచ్చు, లేదా వలయాన్నే వేరుగా నడపవచ్చు. ఈ రెండో దారిలో జతలు నిలకడగా ఉండక కదలికను మోస్తాయని, ప్రవాహం ఒత్తుగా, పలుచగా చారలు కడుతుందని 1964లో శాస్త్రజ్ఞులు ఫుల్డే, ఫెర్రెల్ ఒకవైపు, లార్కిన్, ఒవ్చిన్నికోవ్ మరోవైపు ఊహించారు. లోహంలో ఇరుపక్షాల లెక్కను మనకు కావలసినట్టు మార్చడం కష్టం, ఈ వాయువులో అది సాధ్యం. 2006లో ఎంఐటీ, రైస్ విశ్వవిద్యాలయాల్లో పరీక్షిస్తే జతలు నడుమ చేరి, మిగిలినవి అంచుకు జరిగాయి, చారలు కనబడలేదు. ఇక ద్రవ హీలియం-3లో 1972లోనే దొరికిన, దిశను బట్టి మారే జతను ఈ వాయువుల్లో కుదర్చబోతే, పరమాణువులు మూడేసి ఢీకొని చెదిరిపోతున్నాయి.

2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన రూ. 6,003.65 కోట్ల మిషన్‌లో కంప్యూటర్లతో పాటు సమాచార ప్రసారం, కొలత సాధనాలు, పదార్థాలు కూడా ఉన్నాయి. అంతా కంప్యూటరే అని రాస్తే, రేపు పాఠకుడు 'ఏదీ కంప్యూటర్?' అని అడిగినప్పుడు ఈ చారల కోసం వెతికేవారు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. అది న్యాయం కాదు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న పరమాణువు, అతివాహకత్వం వంటి మాటలు వాడండి. లేనిచోట, రాపిడి లేకుండా ప్రవహించేదాన్ని సూపర్‌ఫ్లూయిడ్ అనే రాసినా నాకు అభ్యంతరం లేదు. సవరణ వేసేటప్పుడు 'డిగ్రీలో కోటో వంతు' అన్నది 'కోటి డిగ్రీలు'గా అచ్చు కాకుండా చూడగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు.