ఒగ్గు కథకు మైకులు పెట్టే ముందర

మాంచెస్టర్

తమ్మీ,

కాళోజీ కళాక్షేత్రంల ఒగ్గు కథకు సౌండ్ నువ్వే చూస్తున్నవని అమ్మ చెప్పింది. జెర వివరంగ రాయమన్నది, రాస్తున్న.

ముందుగాల కథకుని మైకు. ఆయన ఎగురుతడు, తిరుగుతడు, స్టాండు మైకు ముచ్చటే వద్దు. చెంపకు అంటుకునే హెడ్‌సెట్ పెట్టు. మైకు మొన నోటి ముందర గాదు, పెదవి మూల నుంచి రెండు వేళ్ల దూరంల ఉండాలె. ముందరుంటే ప, బ అన్నప్పుడల్లా గాలి తగిలి టప్పుమంటది. అసలు శత్రువు చెమట. ఆ మొనకు ఉండే రంధ్రం ఎంత, ఒక్క చుక్క నిండినా గొంతు గుడ్డ కప్పినట్టయితది. అప్పుడు చానా మంది ట్రెబుల్ పెంచుతరు, దండుగ పని. మైకు మార్చుడే మందు. అందుకే చెవి ఎనక వైరును చిన్న మలుపు తిప్పి టేపు వెయ్యి, చెమట మొన దాకా పోకుంట ఆడనే కిందికి కారుతది. ఇంకో హెడ్‌సెట్ స్టేజీ పక్కన తయారుగ ఉంచు. ట్రాన్స్‌మిటర్‌ను పాలిథిన్ కవర్ల పెట్టి నడుముకు కట్టు, యాంటెనా మడత పడొద్దు, ఒంటికి అంటొద్దు; ఒళ్లు సిగ్నల్‌ను తాగేస్తది. ప్రతి ఆటకు బ్యాటరీలు కొత్తయి.

డోళ్లకు మైకు అక్కరలేదనే నేనంట. ఎట్లైన కథకుని మైకులకెళ్లి వస్తనే ఉంటయి. డోలు కొట్టేటోళ్లను రెండు మీటర్లు పక్కకు జరుగుమని బతిలాడు, ఫేడరుతోని (మిక్సరు మీద సౌండ్ పెంచి దించే మీట) కాని పని గా జరుగుడుతోని అయితది. తాళాలకు అసలే వద్దు.

తెరిచిన మైకులు రెట్టింపయితే, హౌలింగ్ (స్పీకర్ల సౌండ్ మళ్ల మైకుల పడి కూత పెట్టుడు) రాకముందు నీకుండే జాగ 3 డెసిబెల్స్ తగ్గుతది. వంత పాడని టైంల వంతగాళ్ల మైకులు దించు. జనం రాకముందే గెయిన్ (మైకు సౌండ్‌ను పెంచే మీట) మెల్లగ పెంచుకుంట పో, కూత పెట్టిన ఫ్రీక్వెన్సీని ఈక్వలైజర్‌తోని సన్నగ 3 డెసిబెల్స్ కొయ్యి. మూడు నాలుగు చోట్ల చాలు, ఇంకా కోస్తే గొంతు డొల్లయితది.

ఎనక స్పీకర్లకు డిలే (సౌండ్‌ను జెర ఆపి వదులుడు) మర్చిపోకు. ధ్వని ఒక్క మిల్లీ సెకనుల 34 సెంటీమీటర్లు పోతది. 17 మీటర్లకు 50 మిల్లీ సెకన్లు లెక్క, గని 60 పెట్టు. స్టేజీ మాట ముందు చెవిల పడితే, మాట ఆడికెళ్లే వస్తున్నట్టు అనిపిస్తది.

50 హెర్ట్జ్ గుయ్యిమంటే, మిక్సరు, ఆంప్లిఫయర్లు వేరే వేరే ఎర్త్‌ల మీద ఉన్నయేమో చూడు, ఒక్క చోటి నుంచే కరెంటు తీసుకో. డిమ్మర్ (లైట్ల ఎలుగు పెంచి తగ్గించే పెట్టె) వైర్ల ఎంబడి మైకు కేబుల్ పండబెట్టకు. దాటాల్సి వస్తే అడ్డంగ దాటించు. ఈ హమ్ (గుయ్యిమనే చప్పుడు) పోతదని ఎర్త్ పిన్ను పీకేటోళ్లు ఉంటరు, వాళ్ల మాట అస్సలు ఇనకు, మైకు పట్టుకున్నోని పానం మీదికొస్తది. ల్యాప్‌టాప్‌తోని వచ్చే హమ్ అయితే ల్యాప్‌టాప్‌కు, మిక్సరుకు నడుమ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (సిగ్నల్‌ను మిక్సరుకు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెడితే పోతది.

ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయర్ ఆఖరుకు, బంద్ చేసేటప్పుడు ముందుగాల.

ముందరి స్పీకరు నుంచి ఎనక స్పీకరు దాకా టేపుతోని కొలిచి రాయి, డిలే నంబరు నేను లెక్కగట్టి పంపుత. మిక్సరుకు ఎన్ని చానల్సో కూడ రాయి. బాపుకు, అమ్మకు దండాలు.

మీ అన్న