టీ20 అంటే క్రికెట్ కాదు నాయనా

అరేయ్ శీనూ,

ఎట్లున్నావ్ రా, లీడ్స్‌లో చలి మొదలైందా? ఫోన్ చేస్తే సగంలో "మీటింగ్ ఉంది రా" అని పెట్టేస్తావ్, అందుకే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మొన్న బీరువా సర్దుతుంటే పేపర్ కటింగులు బయటపడ్డాయి, 2024 సెప్టెంబర్‌వి, దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం కొట్టినప్పటివి. మన పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల కదా, మా ఆవిడ ఒక్కటి వదలకుండా కత్తిరించి దాచింది. అన్నీ ముందేసుకుని మళ్ళీ చదివా. ఊళ్ళో ఏమని వెక్కిరించారు, అమ్మానాన్న పొలం ఎట్లా అమ్ముకున్నారు, మొత్తం ఉంది. రాయాల్సిందే, కాదనను. కానీ రేసు ఏది రా? 400 మీటర్లు ఆ పిల్ల ఎట్లా ఉరికిందో ఒక్క ముక్క లేదు.

అసలు ఆ రేసులో ఎంత కథ ఉందో తెలుసా. అదే ఏడాది మే నెలలో జపాన్ కోబెలో జరిగిన పారా అథ్లెటిక్స్ వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో దీప్తి 55.07 సెకన్లలో ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది, వెనకాల రెండో స్థానంలో టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్. పారిస్‌లో హీట్స్‌లోనే, అంటే ఫైనల్ ముందు పరుగులోనే, ఆ ఓండర్ 54.96తో రికార్డు లాగేసుకుంది. మర్నాడే ఫైనల్! అందులో మళ్ళీ ఇద్దరికీ కాకుండా ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ 55.16తో బంగారం ఎగరేసుకుపోయింది, ఓండర్ 55.23, మన పిల్ల 55.82. ఇదే క్రికెట్ అయితే మనోళ్ళు బంతి బంతికీ పేజీలు నింపేవాళ్ళు.

క్రికెట్ అంటే గుర్తొచ్చింది, హెడ్డింగ్‌లో "టీ20 విభాగం" అని రాసి వదిలేశారు, మా నాయన చూసి "ఈ పిల్ల క్రికెట్ గూడ ఆడుతదా" అన్నాడు. టీ అంటే ట్రాక్, 20 అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ క్లాసు. ఒక్క లైన్ చాలు రా చెప్పడానికి.

పైగా ఆ క్లాసు వెనక పెద్ద కథే ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ మేధో వైకల్యం బాస్కెట్‌బాల్ టీమ్ బంగారం గెలిచింది, తీరా చూస్తే 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు! బయటపెట్టింది ఎవరనుకున్నావ్, ఆ టీమ్‌లోనే ఆడిన కార్లోస్ రిబగోర్దా, జర్నలిస్టు. అక్కడి ఒక పత్రికలో మొత్తం రాసి పడేశాడు. మెడల్స్ వెనక్కిచ్చారు సరే, కానీ దొంగలతో పాటు నిజమైన వాళ్ళూ బలైపోయారు, 2004 ఏథెన్స్, 2008 బీజింగ్‌లో ఈ క్లాసుల మెడల్ ఈవెంట్లే లేవు, మళ్ళీ 2012 లండన్‌లోనే. ఆ తలుపు తెరవకపోతే దీప్తి ఎక్కడ ఉరికేది చెప్పు.

మీ దగ్గర మాత్రం తక్కువ తిన్నారా, 2012లో మీ చానల్ 4 టీవీ వాళ్ళు పారాలింపిక్స్ ఆటగాళ్ళని సూపర్‌హ్యూమన్స్ అని ఊదరగొట్టారు. వికలాంగుల్లోనే చాలామందికి నచ్చలేదు, మెడల్ కొట్టనోడు మనిషి కాదా అని. పారిస్‌కి వచ్చేసరికి వాళ్ళే రూటు మార్చి, "పాపం, అలా ఉండి కూడా ఎంత బాగా చేస్తున్నారో" అనేవాళ్ళ మీదే సెటైర్ వేశారు. మనకేమో దివ్యాంగులు. వాళ్ళకి సూపర్, మనకి దివ్యం, మధ్యలో మామూలు మనిషికి చోటే లేదు చూడు.

నాకెందుకింత కడుపుమంట అంటావా? నా పోలియో కాలి సంగతి నీకు తెలుసుగా. డిగ్రీలో జిల్లా మీట్‌కి షాట్‌పుట్ వెయ్యడానికి పోయాం గుర్తుందా, నువ్వు నా బ్యాగు మోసుకొచ్చావ్. మర్నాడు పేపర్లో నా ఊతకర్ర ఫోటో వేసి "విధిని ఓడించిన యువకుడు" అని రాశారు. విధిని కాదురా, ఖమ్మం పోరడిని ఓడించిన, రెండు బెత్తెల తేడాతో! ఎంత దూరం వేసిన్నో మాత్రం ఎక్కడా లేదు, ఇప్పుడు నాకే గుర్తులేదు.

ఆ రోజు నువ్వేదో నోట్‌బుక్ వెనక రాసుకున్నావ్ అనిపిస్తోంది, ఇంటికొచ్చినప్పుడు అటక మీద వెతుకు రా. ఇంకోటి, మీ పక్కనే హాలిఫాక్స్ కదా హన్నా కాక్‌రాఫ్ట్‌ది, వీల్‌చైర్ రేసుల్లో పారిస్‌లో రెండు బంగారాలు కొట్టింది, ఆమె వార్త అక్కడ స్పోర్ట్స్ పేజీలో వస్తుందా, వేరే పేజీలోనా, టైమింగ్ రాస్తారా? పేపర్ చూసి చెప్పు. మా ఆవిడ అడిగినట్టు చెప్పమంది.

నీ
రాజు