వృద్ధాశ్రమాలపై తనిఖీ ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

పట్టణాల్లో ప్రైవేటు వృద్ధాశ్రమాలు పెరుగుతున్నాయి గానీ, నెలనెలా వేలకు వేలు తీసుకునే ఆ చోట్ల మంచం పట్టినవారికి ఎలాంటి సేవ అందుతోందో అడిగేవారు కనిపించడం లేదు. మా పెద్దమ్మ ఉన్న ఆశ్రమంలో రాత్రిపూట అంతస్తు మొత్తానికి ఒక్కరే ఆయా. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద చర్మం ముందు ఎర్రబడి, ఆపైన పుండు పడుతుంది. ఆమెకు అదే జరిగింది. డైపర్లు మార్చాల్సి వస్తుందని సాయంత్రం నుంచే మంచినీళ్లు తగ్గించడం మరీ అన్యాయం. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ కూడా లేదు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం, కనీసం 150 మందికి సరిపడేలా జిల్లాకొక ఆశ్రమం గురించి చెబుతుంది. ప్రైవేటు ఆశ్రమాలకూ రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. కేంద్రం కోసం ఎదురుచూడకుండా, రాత్రిపూట శిక్షణ పొందిన నర్సు తప్పక ఉండేలా, ఆకస్మిక తనిఖీల నివేదికలు ఆశ్రమం గుమ్మం దగ్గరే అంటించేలా మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు వెంటనే నిబంధనలు తేవాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ